చపాతీ కర్ర, ఇరవై టైర్లు

పోయిన శనివారం మా గరాజ్ సర్దాం. సర్దాం అంటే, నేను సర్దుతుంటే మా అమ్మాయి ఒక మడత కుర్చీ వెతుక్కుని కూర్చుని, నేను దాచుకున్నవన్నీ పారేయాలనీ, పారేద్దామనుకున్నవి దాచాలనీ తీర్పులిచ్చింది. పధ్నాలుగేళ్ళది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో తప్ప రాదు. పై అరలోంచి ఒక నీలం సంచీ దించి, "వాట్ ఈజ్ దిస్, అమ్మా? సమ్ కైండ్ ఆఫ్ బాంబ్?" అంది. బాంబు కాదే, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ అన్నాను. "బట్ ది కార్ టెల్స్ యూ" అంది, అదేదో పనికిమాలిన వస్తువైనట్టు. కారు చెప్తుంది, కొట్టదు అని నేను గొణుక్కుంటూ సంచీ జిప్పు తీశాను. రబ్బరు వాసన, దాని వెనకాల ఇంగువ వాసన. సంచీ లోపలి గుడ్డ మీద ఇప్పటికీ పులిహోర పసుపు మరక ఉంది. చీపురు పక్కన పడేసి బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయాను.

ఆ కంప్రెసర్ కొన్నప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. కెనడా వచ్చి సార్నియాలో కాలేజీ ముగించుకుని, అక్కడ గంటకొక బస్సు కోసం నిలబడి నిలబడి గడ్డకట్టిన కాళ్ళతో, కాల్గరీలో ఉద్యోగం దొరికితే ఎగిరి గంతేసి వచ్చేశాను. మా అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో మకాం. అక్క అంటే మా పెద్దనాయన కూతురు. మాది నంద్యాల వైపు, నాన్న అన్నని మేం పెద్దనాయన అనే అంటాం. ఆ చలికాలం ఆయన కూతురింటికి ఆరు నెలలకని వచ్చాడు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు అడ్డం పెట్టుకుని తెలివిగా తప్పించుకుంది. ముప్పై ఏళ్ళు నల్లమల ఘాట్ రోడ్డు మీద ఎర్రబస్సు నడిపిన మనిషి మా పెద్దనాయన. శివరాత్రికి శ్రీశైలం పోయే జనాన్ని టాపు మీద కూడా ఎక్కించుకుని, ఆ మలుపుల్లో ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో చెమట తుడుచుకుంటూ పోయేవాడు. రిటైరైనా ఆయన ఒంట్లోంచి డిపో పోలేదు. నాలుగింటికి లేచేవాడు. మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని, అక్క లేవకముందే వంటింట్లో చపాతీ కర్ర తీసుకుని, మంకీ టోపీ పెట్టుకుని, ఇంటి ముందున్న బండ్ల చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ కర్రతో కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. టంగుమంటే గాలి ఉన్నట్టు, దబ్బుమంటే లేనట్టు. డిపోలో ఇనపరాడ్ ఉండేదట, ఇక్కడ చపాతీ కర్రతో సర్దుకున్నాడు. తిరిగొచ్చి దాన్ని యథాస్థానంలో పెట్టేవాడు. అక్క దాంతోనే మాకు చపాతీలు చేసేది. ఈ సంగతి నాకు తెలుసు. నేను చెప్పలేదు, రెండు నెలలు అన్నమే తిన్నాను.

ఆయన బాధ ఒకటే. ఇక్కడ ఆయన్ని ఎవరూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు ఒప్పుకోదు, మంచు, వయసు అని మా బావ వేళ్ళు మడిచి మరీ చెప్పేవాడు. అక్క వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని, ప్రతి సిగ్నల్ దగ్గరా లేని బ్రేకు తొక్కేవాడు. కాలి కింద మ్యాట్ చిరిగింది కూడా. "గేరు లేని బండి ఒక బండేనా పాపా, కుర్చీకి చక్రాలు పెట్టినట్టు" అని నా దగ్గర కసి తీర్చుకునేవాడు. నా పాత జీపు అంటే మాత్రం ప్రాణం, ఎందుకంటే దానికి గేరు రాడ్ ఉంది. రోజూ పొద్దున్నే దాని ఇంజను వేడి చేసే డ్యూటీ తనే వేసుకున్నాడు. ఇంజను మాత్రమే, గేరు జోలికి పోవద్దు పెద్దనాయనా అంటే, ముట్టను లే పాపా అనేవాడు. ఒకరోజు సాయంత్రం బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని, నావైపు చూడకుండా అన్నాడు. "ఒక్కసారి నడపాల పాపా. ఒక్క ఫర్లాంగు చాలు. ఊర్లో అందరూ అడుగుతారు, అమెరికాలో బండి నడిపినావా అని." కెనడా పెద్దనాయనా అన్నాను. "యాడైనా గాని" అన్నాడు. నడిపిస్తా అని మాటిచ్చాను. ఎలా నడిపిస్తానో నాకే తెలియదు.

దారి ఒక జీపుల క్లబ్బు చూపించింది. కాల్గరీలో కొందరుంటారు, వారమంతా ఆఫీసులో పద్ధతిగా పనిచేసి, శని ఆదివారాలు జీపులు, ట్రక్కులు వేసుకుని కొండల్లోకి పోయి, ఎవరూ దారి తొవ్వని మంచులో కావాలని ఇరుక్కుని, ఒకరినొకరు లాక్కుని, దానికి ఆనందపడతారు. ఇంటి ముందున్న మంచులో ఇరుక్కోవడం చాలదా అని మా అక్క ప్రశ్న. క్లబ్బు పెద్ద డోరిన్ అని అరవై ఏళ్ళావిడ, రిటైరైన నర్సు. జడ్జి లాంటి మొహం, లారీ క్లీనరు లాంటి నోరు. కొత్తవాళ్ళు ఒక వారాంతం వాళ్ళతో కొండెక్కి దిగితేనే సభ్యత్వం. నా వారాంతం వచ్చింది. పెద్దనాయన ఇండియా విమానం ఆ వచ్చే గురువారం. నేను డోరిన్‌ని బతిమాలాను. ఆవిడ ఆలోచించి, కొండ కింద మా తమ్ముడి పొలం ఉంది, ఆదివారం దిగేటప్పుడు అందులో మీ పెద్దాయన ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పుకోవచ్చు, అది రోడ్డు కాదు కాబట్టి ఎవరూ అడగరు అంది. ఈ మాట పెద్దనాయనతో చెప్పాను. ఆ రాత్రి పెట్టె అడుగునుంచి పాత ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నాడు. దాన్ని ఆరునెలల టూరుకి ఎందుకు తెచ్చుకున్నాడో నేను అడగలేదు.

శనివారం పొద్దున బయల్దేరాం. ఖాకీ చొక్కా, దాని మీద రెండు స్వెట్టర్లు, బావ పాత కోటు, మంకీ టోపీ. ఒళ్ళో పులిహోర డబ్బా. కోటు జేబులోంచి చపాతీ కర్ర తల బయటికి కనిపిస్తోంది. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు నేను గొప్పగా నా కొత్త కంప్రెసర్ తీసి చూపించాను. ఈ రెండు క్లిప్పులు బ్యాటరీకి తగిలించి, ఇంజను ఆన్ చేసి, ఈ పైపు టైరుకి పెట్టాలి, రెండు నిమిషాల్లో గాలి నిండుతుంది అని. ఆయన ముట్టుకుని చూసి, ఇట్లాంటిది డిపోలో ఉంటే ఎంత బాగుండు అని నిట్టూర్చి, పులిహోర మూత సరిగా పెట్టకుండానే డబ్బాని అదే సంచీలో దోపాడు. కంప్రెసర్ గాలి నింపడానికని చెప్పాను. ముందు గాలి తీస్తారని చెప్పలేదు. ఆ రెండు రోజులు జరిగిందంతా ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్లే.

మెత్తటి మంచులో గాలి బిగిసిన టైరు కత్తిలా దిగబడుతుంది. అందుకని దారి మొదలయ్యే చోట అందరూ టైర్లలో మూడింట రెండొంతుల గాలి వదిలేస్తారు. అప్పుడు టైరు, బురదలో చెప్పులు విడిచి అరికాలు పరిచి నడిచినట్టు, మంచు మీద పరుచుకుని పోతుంది. కొండ దిగాక మళ్ళీ నింపుకుంటారు. ఆ గాలి తీసే కార్యక్రమం జరిగినప్పుడు పెద్దనాయన అక్కడ లేడు. నీళ్ళ సీసా పట్టుకుని చెట్ల చాటుకి వెళ్ళాడు. నాలుగు పొరల బట్టలు, మోకాలి లోతు మంచు, సీసాలో సగం గడ్డకట్టిన నీళ్ళు. ఆయన ఇరవై నిమిషాలకి తిరిగొచ్చేసరికి అయిదు బండ్లూ గాలి దించుకుని సిద్ధంగా ఉన్నాయి. వచ్చి కూర్చుని, "ఈ దేశంలో మనిషి బతకొచ్చు గానీ బయటికి పోకూడదు పాపా" అన్నాడు.

ఆ రోజంతా కొండెక్కాం. ప్రతి మలుపుకీ ఆయన పక్కనుంచి ఫస్టుకెయ్, ఫస్టుకెయ్ అంటూనే ఉన్నాడు. నేను విన్న చోటల్లా గట్టెక్కాను, వినని రెండు చోట్ల ఇరుక్కున్నాను, డోరిన్ ట్రక్కు ముందున్న ఇనప తీగ కట్టి లాగారు. సాయంత్రానికి అడవిలో చెక్క క్యాబిన్ చేరాం. బయట ఖాళీ జాగాలో నలుగురూ ఒక వరసలో, దూరం దూరంగా బండ్లు ఆపుకున్నారు, నేను జీపుని కట్టెల కొట్టం పక్కన పెట్టాను. లోపల పొయ్యి, తడి సాక్సుల కంపు, టిన్నులో వేడిచేసిన చిక్కుడు గింజలు. పులిహోర డబ్బా తెరవగానే వాళ్ళ గింజల వంక ఎవరూ చూడలేదు. డోరిన్ మూడుసార్లు వడ్డించుకుంది. పెద్దనాయన అందరి చేతా ప్లేట్లు కడిగించి, పడుకోబోయే ముందు నా దగ్గర తాళం అడిగి తీసుకున్నాడు. "పొద్దున్నే ఇంజను వేడి చెయ్యాల గదా."

తెల్లారి లేచి బయటికొస్తే సన్నగా మంచు రాలుతోంది. కొట్టం పక్కన పెట్టిన నా జీపు వరస చివర, దారి వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. మాతో వచ్చిన డోరిన్ వాళ్ళాయన, పెద్దనాయన దగ్గర తాళం తీసుకుని సర్ది ఉంటాడనుకున్నాను. పెద్దనాయన ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బండ్ల ముందు డిపో మేనేజరులా నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. పొలంలో బండి నడపబోయే సంబరం అనుకున్నాను.

బయల్దేరి వంద గజాలు పోయామో లేదో ముందున్న డోరిన్ ట్రక్కు ఇరుసు దాకా దిగబడింది. లాగడానికి పోయిన రెండో బండి దిగబడింది. మూడోది పక్కకి తప్పుకోబోయి దిగబడింది. నాలుగోదాని సంగతి చెప్పక్కర్లేదు. నేను ఆగిన చోటే మునిగాను. అయిదు బండ్లు, ఒక్కటీ కదలదు. డోరిన్ దిగింది, మంచు చేత్తో తోసి టైరు చూసింది, బూటుతో తన్నింది. తరవాత ఆవిడ నోటినుంచి వచ్చిన మాటలు నేను ఇక్కడ రాయలేను, మా అమ్మాయి చదవదు గానీ మా అత్తగారు చదువుతారు. ఎవరు, నా టైర్లలో గాలి కొట్టిన ఆ దరిద్రుడెవరు అనేది వాటి సారాంశం.

వెనక్కి తిరిగి చూశాను. పెద్దనాయన అప్పటికే చెయ్యెత్తి ముందుకొస్తున్నాడు.

"మీ! మీ, మేడమ్! ట్వంటీ టైర్స్! ఫుల్ ఎయిర్!"

కోటు జేబులోంచి చపాతీ కర్ర తీసి డోరిన్ టైరుని టంగుమని కొట్టి చూపించాడు కూడా. ఆ టంగు కొండంతా వినపడింది. డోరిన్ ఆయన మీద విరుచుకుపడింది. ఊపిరి తీసుకోకుండా రెండు నిమిషాలు. ఆయన శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. అయ్యాక నావైపు తిరిగాడు.

"ఏమంటాంది పాపా?"

ఆ ఖాకీ చొక్కా చూస్తూ నిజం చెప్పడం నావల్ల కాలేదు.

"మీ పనితనం చూసి ఆశ్చర్యపోతోంది పెద్దనాయనా. ఇంత చలిలో, ఈ వయసులో ఎట్లా చేశారా అని."

"దానికేముందిలే" అని, డోరిన్ వైపు తిరిగి చెయ్యి గుండె మీద పెట్టుకుని, "మెన్షన్ నాట్, మేడమ్. మై డ్యూటీ" అన్నాడు.

డోరిన్ నావైపు చూసింది. "వాట్ డిడ్ యూ టెల్ హిమ్?"

క్షమించమంటున్నాడని చెప్పాను, ఇంగ్లీషులో, ఆవిడ కళ్ళలోకి చూడకుండా. ఆవిడ ఆయన నవ్వు మొహాన్నీ, గుండె మీద చెయ్యినీ, చపాతీ కర్రనీ చూసింది. క్షమాపణ అడిగే వాళ్ళు అలా ఉండరని ఏ భాషవాళ్ళకైనా తెలుస్తుంది. ఏదో గొణుక్కుంటూ పార తీసుకుంది.

తవ్వడం మొదలెట్టాక దాచడం కుదరలేదు. అందరూ వంగి టైర్లలోంచి గాలి తీస్తుంటే ఆయన కంగారుపడి, "ఏంది పాపా, మళ్ళా తీస్తాండారు?" అన్నాడు. చెప్పాను. ఈ మంచులో గాలి తక్కువ ఉండాలి, నిన్న మేమే కావాలని తీశాం, మీరు చెట్ల దగ్గరికి పోయినప్పుడు. "రాత్రికి రాత్రి అన్ని బండ్లూ దిగిపోయినాయంటే ఎవురో చిలిపి పని చేసినారనుకుంటి" అన్నాడు మెల్లగా. ఆ మొహం నేను మర్చిపోలేదు. ఘాట్ రోడ్డు మీద ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషికి గీత పడనివ్వలేదని చెప్పుకునే మనిషి, తన వల్ల అయిదు బండ్లు ఆగిపోయాయని తెలుసుకున్నప్పటి మొహం అది. నాకు ఆయన మీద జాలీ, నా మీద నాకు ఒళ్ళుమంటా రెండూ ఒకేసారి వచ్చాయి.

తరవాత ఆయన ఎవరినీ టైర్లు ముట్టుకోనివ్వలేదు. ఒక్కో చక్రం దగ్గరా మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, కొంచెం గాలి వదలడం, కర్రతో కొట్టడం, వినడం, మళ్ళీ వదలడం. తెల్లారుజామున తను గాలి కొట్టకముందు విన్న చప్పుడే వచ్చేదాకా. డోరిన్ వెనకాలే మీటరు పట్టుకుని తనిఖీ చేస్తూ వచ్చింది. గాలి పన్నెండు పౌండ్లు ఉండాలి. పన్నెండు, పన్నెండు, పదమూడు, పన్నెండు. మూడో బండి దగ్గర ఆవిడ మీటరు జేబులో పెట్టేసుకుంది. నాలుగో బండి దగ్గర తన ఫ్లాస్కులో కాఫీ ఆయనకి పోసింది. చక్కెర లేని ఆ కషాయాన్ని ఆయన మొహం చిట్లించకుండా తాగాడు. అది పెద్ద గౌరవమే.

కానీ మధ్యాహ్నం అయిపోయింది. సన్నగా రాలుతున్న మంచు ముద్దలుముద్దలుగా పడటం మొదలైంది. పైకెక్కడం మానేసి, చీకటి పడకముందే కిందికి దిగాలని డోరిన్ తేల్చింది. కొండ కింద ఆవిడ తమ్ముడి పొలం పక్కనుంచే వచ్చాం. ఆగలేదు, ఆగే పరిస్థితి లేదు, అద్దంలోంచి ముందు బండి వెనక దీపం కూడా సరిగా కనిపించడం లేదు. కంచె వెంట పోతున్నంతసేపూ పెద్దనాయన కిటికీలోంచి ఆ తెల్లటి మైదానాన్నే చూశాడు. నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. మాటిచ్చి తప్పాను పెద్దనాయనా, ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు అని ముక్కు చీదుకుంటూ అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "పోనీలే పాపా. రోడ్డు చూడు. సెకండుకెయ్" అన్నాడు. గురువారం విమానం ఎక్కాడు. మళ్ళీ రాలేదు. ముందు కంటి ఆపరేషన్, తరవాత పెద్దమ్మ మోకాళ్ళు నిజంగానే పాడవడం, ఆపైన ఊళ్ళో మనవడి ఆటోలకి మేస్త్రీగిరీ. క్లబ్బు నన్ను చేర్చుకుంది. డోరిన్ పోయేదాకా ప్రతి చలికాలం నన్ను అడిగేది, మెన్షన్ నాట్ ఎలా ఉన్నాడని.

ఇప్పుడు నా బండికి గేరు రాడ్ లేదు. సీటు వెచ్చగా ఉంటుంది, స్టీరింగు వెచ్చగా ఉంటుంది, ఏ టైరులో ఎంత గాలి ఉందో అంకెలతో సహా తెర మీద పడుతుంది. నెలల తరబడి నేను టైరు వంక చూడను. అప్పట్లో నా మీటరు ఒక చపాతీ కర్ర, నా అలారం ఒక ముసలాయన దగ్గు. ఇప్పటిదే సుఖం, అబద్ధమెందుకు, ఆ చలిలో ఇంకోసారి తవ్వమంటే తవ్వను. కాకపోతే ఇప్పుడు నా బండి గురించి నాలుగింటికి లేచే మనిషి ఎవరూ లేరు.

శనివారం గరాజ్‌లో, పని చేస్తుందో లేదో చూద్దామని ఆ కంప్రెసర్ క్లిప్పులు బ్యాటరీకి తగిలించి పైపు లాగాను. ముందు చక్రానికి అందింది. పొట్టి జీపుకి సరిపోయేది గానీ, ఈ పొడుగు బండి వెనక చక్రానికి అందలేదు. "ఇట్స్ టూ షార్ట్, అమ్మా" అంది మా అమ్మాయి. పొట్టిదే, రెండు బారలు కూడా లేదు అని పైపు చుట్టబోయి, ఆగిపోయాను.

ఆ పైపు ఒక బండి దగ్గరి నుంచి పక్క బండికి అందదు. క్యాబిన్ ముందు బండ్లు దూరం దూరంగా ఉన్నాయి. కంప్రెసర్ నా జీపు బ్యాటరీకి తప్ప దేనికీ తగిలించి ఉండడు, మిగతా తాళాలు వాళ్ళ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. అంటే ఇరవై టైర్లు నింపాలంటే జీపుని ఒక్కో బండి పక్కకీ తీసుకుపోవాలి, ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు. మోకాలి లోతు మంచులో, తెల్లారకముందు, ఒక్క బండికీ గీత పడకుండా. కొట్టం పక్కన పెట్టిన జీపు వరస చివరికి ఎట్లా వచ్చిందో నాకు ఇన్నేళ్ళకి, గరాజ్‌లో నిలబడి తెలిసింది.

నంద్యాలలో అప్పుడు పొద్దున నాలుగున్నర. పెద్దనాయన మొదటి రింగుకే ఫోను ఎత్తాడు.

"పెద్దనాయనా, ఆ రోజు కొండ మీద జీపు మీరు నడిపినారా?"

అటునుంచి నవ్వు, దగ్గు, మళ్ళీ నవ్వు.

"ఇప్పుడా అడిగేది? తొమ్మిదిసార్లు పాపా. ముందుకీ, వెనక్కీ."

"మరి చెప్పలేదేం! నేను దార్లో అంత ఏడిస్తే, ఇన్నేళ్ళు బాధపడితే!"

"ఎట్ల చెప్పేది? గేరు ముట్టనని నీకు మాటిచ్చి ఉంటిని. నువ్వేమో మాట తప్పినానని ఏడుస్తా ఉంటివి. ఇద్దరమూ తప్పినామని చెప్తే ఇంగ మన మర్యాదేం కావాల?" మళ్ళీ తనే అన్నాడు. "అయినా ఆ మేడమ్ నన్ను తిడితే మెచ్చుకుంటాందని చెప్పినావు గదా. ముప్పై ఏండ్లు బస్సు నడిపినోన్ని, తిట్లు తెలీకుండా ఉంటాదా? నువ్వంత బాగా చెప్పినావని నమ్మినట్ల ఊరుకుంటి."

మా అమ్మాయి పైపు చేత్తో పట్టుకుని, ఏమైంది అన్నట్టు నావైపు చూస్తోంది.

"బండి మంచిది పాపా" అన్నాడు పెద్దనాయన. "రివర్సు గేరే రవ్వంత బిగుసు. అప్పుడే చెబుదామనుకుంటి, చెప్తే దొరికిపోతానని ఊరుకుంటి."